ద్రాక్షరసం సీసాల్లో నింపడానికి ఏ పరికరం కొనాలి? 30 లీటర్లు, 200 ఎంఎల్ సీసాలు

సునీల_హన్మకొండ
ఫిబ్రవరి 16, 2025, రాత్రి 9:40

అందరికీ వందనాలు. ఇక్కడ ఎక్కువమంది పచ్చళ్ళు, గానుగ నూనెలు చేసేవాళ్ళే అని తెలుసు, అయినా అడుగుతున్నాను.

మా చర్చిలో ప్రభు బల్లకు (ఆరాధనలో రొట్టె, ద్రాక్షరసం పంచుకోవడానికి) ఏడాదికి సరిపడా ద్రాక్షరసం నేనే ఇంట్లో చేసి ఇస్తాను. పులియబెట్టని రసమే, మత్తు లేనిది. నల్ల ద్రాక్ష లక్ష్మీపురం మార్కెట్ నుంచి తెస్తాం. ఇంతకు ముందు పెద్ద సీసాల్లో పోసేవాళ్ళం. ఒకసారి మూత తీశాక మిగిలింది పాడయ్యేది. అందుకే నిరుటి నుంచి 200 ఎంఎల్ సీసాలకు మారాను. నెలకు పన్నెండు చొప్పున ఏడాదికి దాదాపు 150 సీసాలు.

నిరుడు గరాటు పెట్టి మగ్గుతో పోశాను. రసం గోరువెచ్చగా ఉంది, పాత సీసాలు కడిగి వాడాను. మూడు వారాలకు చర్చి బీరువాలో రాత్రిపూట రెండు సీసాలు పగిలాయి. పాట పుస్తకాలన్నీ ఎర్రగా అయ్యాయి. మట్టలాదివారం (ఈస్టర్‌కు ముందు ఆదివారం) నాడు పాస్టర్ అయ్యగారు ఇంకో సీసా మూత తిప్పితే ఫట్‌మని చప్పుడొచ్చి నురగ చొక్కా మీద పడింది. ముందు వరుసలో కూర్చున్న ముసలాయన గట్టిగానే అన్నాడు, "కల్లు వాసనొస్తుందయ్యా" అని. నాకు తల ఎత్తుకోబుద్ధి కాలేదు.

ఈసారి సరైన పరికరం కొనాలని ఉంది. ఆన్‌లైన్‌లో రెండు చూశాను. ఒకటి నాలుగు గొట్టాలుండే స్టీల్ ఫిల్లర్, వైన్ నింపడానికట. రెండోది బటన్ నొక్కితే కొలత ప్రకారం పోసే కరెంటు మెషిన్, ఏడు వేల దాకా ఉంది. ఏది మంచిది? బడ్జెట్ పది వేలు.

జగిత్యాల_గానుగ
ఫిబ్రవరి 16, రాత్రి 10:15

అక్కా, ఆ కరెంటు మెషిన్ మా దగ్గర రెండేళ్ళుగా ఉంది, పల్లి నూనెకు వాడుతున్నాం. దాని సంగతి చెప్తా వినండి. అది కొలత చూసి పోయదు, టైమ్ చూసి పోస్తుంది. ఇన్ని సెకన్లు పంపు తిరిగితే ఇంత వస్తుందని మనమే సెట్ చేయాలి. జనవరిలో పొద్దున నూనె చిక్కబడుతుంది, అదే టైమ్‌లో తక్కువ పడుతుంది. మధ్యాహ్నం ఎండకు పలచబడితే ఎక్కువ పడుతుంది. కరెంటు డిమ్ అయితే ఇంకో లెక్క. మొదట్లో నేను పట్టించుకోలేదు. కస్టమర్ ఒకాయన ఇంట్లో కాటా మీద పెట్టి ఫోటో పంపాడు. లీటర్ పల్లి నూనె 910 గ్రాముల దగ్గర తూగాలి, 880 చూపిస్తోంది. అప్పటి నుంచి పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి కాటా పెట్టి సరిచేస్తున్నా.

మీది రసం కాబట్టి నూనె అంత తేడా రాదు. కానీ రోజుకు రెండు వందల సీసాలు నింపేవాళ్ళకు అది పనికొస్తుంది, ఏడాదికి ఒక్క రోజు వాడేదానికి ఏడు వేలెందుకు?

స్క్రూడ్రైవర్_మడికొండ
ఫిబ్రవరి 16, రాత్రి 10:32

అసలు ప్రశ్న ఎవరూ అడగట్లేదు. అక్కా, వేడిగా పోస్తారా, చల్లగా పోస్తారా? వేడిగా అంటే ఆ పంపు వద్దే వద్దు. లోపల రబ్బరు డయాఫ్రమ్ ఉంటుంది, మరిగే రసం పోస్తే పాడవుతుంది.

ఎడిసన్_నర్సంపేట
ఫిబ్రవరి 17, ఉదయం 6:05

సునీలగారూ, నేను న్యూజెర్సీలో ఉంటాను, సొంతూరు నర్సంపేట. ఇక్కడ బేస్‌మెంట్‌లో ఏటా ద్రాక్షతో వైన్ చేస్తాను. ఇక్కడి చట్టం ప్రకారం ఇంట్లో ఇద్దరు పెద్దవాళ్ళుంటే ఏడాదికి 200 గ్యాలన్లు చేసుకోవచ్చు, అమ్మకూడదు. నేను 12 గ్యాలన్లు దాటను. మా ఆవిడ దాటనివ్వదు.

మీరు చూసిన నాలుగు గొట్టాల ఫిల్లర్ గురించి. పైన ఒక తొట్టి, అందులో రసం మట్టం స్థిరంగా ఉంచే తేలుడు బెండు ఉంటుంది. గొట్టం సీసాలో దూర్చగానే సైఫన్‌లా దిగుతుంది, సీసాలో మట్టం తొట్టి మట్టానికి రాగానే దానంతట అదే ఆగుతుంది. మంచి పరికరమే. కానీ 750 ఎంఎల్ వైన్ సీసా ఎత్తుకు, మూతి కొలతకు చేసింది. మీ 200 ఎంఎల్ బుడ్డ సీసా దాని కింద పెడితే కింద పీట వేయాలి, మట్టం కుదరక తిప్పలు పడాలి. ఇంకా పెద్దది వాక్యూమ్ ఫిల్లర్, ఇటలీవాళ్ళ ఎనోల్‌మాటిక్. సీసాలోని గాలి లాగేసి వైన్ నింపుతుంది. అది మీకు మామిడికాయ కోయడానికి రంపం లాంటిది.

నేను వాడేది ఒక ప్లాస్టిక్ పుల్ల. ఇక్కడ నాలుగైదు డాలర్లు. పుల్ల అడుగున స్ప్రింగు వాల్వ్ ఉంటుంది. సీసా అడుగుకు ఆనిస్తే తెరుచుకుంటుంది, ఎత్తితే మూసుకుంటుంది. అడుగు నుంచి నిండుతుంది కాబట్టి చిమ్మదు, నురగ రాదు, గాలి కలవదు. వైన్‌కు గాలే శత్రువు. ఇంకో సౌకర్యం ఏంటంటే, సీసా అంచు దాకా నింపి పుల్ల బయటకు తీస్తే, పుల్ల ఆక్రమించిన చోటు మేరకు మట్టం దిగుతుంది. ప్రతి సీసాలో ఒకే ఖాళీ. కొలత అక్కర్లేదు.

ఇండియా వచ్చేవాళ్ళ చేతికి ఒకటి ఇచ్చి పంపనా?

మైక్రోబయాలజీ_మేడమ్
ఫిబ్రవరి 17, ఉదయం 8:20

నర్సంపేట బాబూ, నీ పుల్ల వైన్‌కు సరే, సునీల చేసేది వైన్ కాదు. ఆ తేడా ముందు తేలాలి.

వైన్‌లో చక్కెరను ఈస్ట్ తినేసింది, పైగా 11, 12 శాతం ఆల్కహాల్ ఉంది. ఆ ఆల్కహాలే దానికి కాపలా. అందుకే చల్లగా, నిదానంగా, గాలి తగలకుండా నింపితే చాలు. ద్రాక్షరసంలో చక్కెర అంతా అలాగే ఉంది. పండు తొక్క మీద ఈస్ట్ సహజంగా ఉంటుంది. గోరువెచ్చగా పోస్తే దానికి పెళ్ళి భోజనం పెట్టినట్టే. మన ఎండల్లో రెండు రోజులకు పని మొదలవుతుంది. చక్కెర ఆల్కహాల్‌గా మారుతుంది, కార్బన్ డయాక్సైడ్ పుడుతుంది, మూత బిగిసి ఉంటే సీసా పగులుతుంది. సునీల సీసాలు పగిలింది గరాటు వల్ల కాదు, వేడి చాలకపోవడం వల్ల. పదివేల మెషిన్‌తో గోరువెచ్చగా పోసినా ఇదే జరిగేది.

రెండు దారులున్నాయి. ఒకటి, రసాన్ని 85 డిగ్రీలకు వేడి చేసి, ఆ వేడి మీదే వేడి సీసాల్లో పోసి, మూత పెట్టి, రెండు మూడు నిమిషాలు తలకిందులుగా ఉంచడం. రెండు, చల్లగా నింపి మూత పెట్టి, సీసాలనే నీళ్ళలో నిలబెట్టి వేడి చేయడం. ద్రాక్ష పుల్లటి పండు కాబట్టి ఈ మాత్రం వేడి సరిపోతుంది, ప్రెషర్ కుక్కర్ అక్కర్లేదు. సునీలా, నువ్వు ఏ దారి తీసుకుంటావో దాన్ని బట్టి పరికరం.

ఎనుమాముల_శ్రీను
ఫిబ్రవరి 17, ఉదయం 9:02

అంటే అక్క నిరుడు తెలియకుండా వైన్ చేసి చర్చిలో దాచింది 😄 ఎక్సైజ్ వాళ్ళకు తెలియలేదు, అదృష్టం. మా దగ్గర నల్లబెల్లం (సారాకు వాడేది) నాలుగు బస్తాలు కొంటేనే ఎందుకని అడుగుతారు.

కాజీపేట_లోకోషెడ్
ఫిబ్రవరి 17, ఉదయం 11:48

మా చిన్నప్పుడు రైల్వే క్వార్టర్లలో ఆంగ్లో ఇండియన్ల ఇళ్ళలో క్రిస్మస్‌కు జాడీల్లో వైన్ పెట్టేవాళ్ళు. జాడీ మూతికి గుడ్డ కట్టి మంచం కింద తోసేవాళ్ళు. మాకు కేకు ముక్కే దక్కేది, పెద్దవాళ్ళకు చిన్న గ్లాసు. వాళ్ళకు ఏ ఫిల్లరూ లేదు, గంటె, గుడ్డ, గరాటు. మాది కాథలిక్ కుటుంబం. ఫాతిమా కెథెడ్రల్‌లో పూజకు అసలు ద్రాక్ష వైనే ఉండాలి, ఉత్త రసం కుదరదు. అది ఫాదర్లు చూసుకుంటారు, మనకు ఏ తంటా లేదు. సునీల చెల్లికి మాత్రం ఇది పెద్ద బాధ్యతే.

ఎవరికైనా ఆ జాడీ వైన్ పద్ధతి రాసి పెట్టనా? ఇంకా గుర్తుంది.

నిర్వాహకుడు
ఫిబ్రవరి 17, మధ్యాహ్నం 12:10

వద్దన్నా. మన రాష్ట్రంలో లైసెన్స్ లేకుండా మత్తు పానీయం తయారుచేయడం ఎక్సైజ్ చట్టం కింద నేరం, ఇంటి కోసమైనా సరే. జ్ఞాపకాలు రాయండి, కొలతలు రాయకండి. చర్చ రసం మీదే సాగనివ్వండి.

సునీల_హన్మకొండ
ఫిబ్రవరి 17, రాత్రి 8:55

మేడమ్‌గారూ, చాలా థ్యాంక్స్. నేను వేడిగా పోద్దామనే అనుకుంటున్నాను. మా ఇంట్లో 35 లీటర్ల స్టీల్ డ్రమ్ము ఉంది, నల్లా ఉన్నది. పెళ్ళిళ్ళప్పుడు మంచినీళ్ళకు వాడేది. అందులో మరిగిన రసం పోసి నల్లా తిప్పి సీసాలు నింపితే? అప్పుడు మెషినే అక్కర్లేదు కదా.

స్క్రూడ్రైవర్_మడికొండ
ఫిబ్రవరి 17, రాత్రి 9:20

ఆలోచన బాగుంది, రెండు చిక్కులున్నాయి.

మొదటిది ఆ నల్లా. పైకి స్టీల్‌లా మెరుస్తుంది కానీ చాలావరకు అది ఇత్తడి మీద వేసిన పూత. నల్లా విప్పి మర వైపు చూడండి, పసుపు రంగు కనబడితే ఇత్తడే. నీళ్ళకు పరవాలేదు. పుల్లటి రసం, అందులోనూ వేడిది తగిలితే రాగి రసంలోకి దిగుతుంది. చింతపండుతో ఇత్తడి గిన్నె తోమితే తెల్లగా మెరుస్తుంది కదా, అదే ఇక్కడ మీ రసంలో జరుగుతుంది. 304 గ్రేడు స్టెయిన్‌లెస్ స్టీల్ బాల్ వాల్వ్ వేయండి. లోపలి వాషర్ కూడా సిలికాన్‌ది. ఉన్న వాషర్ నల్ల రబ్బరైతే వేడికి వాసన కొడుతుంది.

రెండోది వేడి. 30 లీటర్లు ఒకేసారి డ్రమ్ములో పోస్తే చివరి సీసా వచ్చేసరికి ఎంత చల్లారుతుందో చూసుకోవాలి. సీసాకు ఇరవై సెకన్లు అనుకున్నా 150 సీసాలకు యాభై నిమిషాలు. మధ్యలో మూతలు, తుడవడం. గంట దాటుతుంది.

మైక్రోబయాలజీ_మేడమ్
ఫిబ్రవరి 17, రాత్రి 9:44

సరిగ్గా పట్టుకున్నావు. వేడిగా నింపేటప్పుడు అసలు సమస్య ఇదే. మొదటి సీసాలో 85, చివరి సీసాలో 65. పగిలేది ఆ చివరివే. అలా చేయాలంటే ఏడెనిమిది లీటర్ల చొప్పున విడిగా వేడి చేసుకోవాలి, పక్కన థర్మామీటర్ ఉండాలి, 80కి దిగగానే ఆపి మళ్ళీ వేడి చేయాలి. సీసాలు కూడా వేడిగా ఉండాలి. సీసాకూ రసానికీ మధ్య 40 డిగ్రీలకు మించి తేడా ఉంటే గాజు చిట్లుతుంది. ఇద్దరు మనుషులు కావాలి, చేతులు కాలే పని.

నా సలహా రెండో దారి. చల్లగా నింపు. సీసాలో నింపాక వేడి చెయ్. చివరి సీసాకూ మొదటి సీసాకూ ఒకే వేడి అందుతుంది. చర్చి కోసమంటున్నావు కాబట్టి చెప్తున్నా, నిదానమైన పద్ధతే మేలు.

ఇంకో లాభం కూడా ఉంది. రసం తీశాక ఒకసారి కాచి, చల్లార్చి, ఫ్రిజ్‌లో ఒకటి రెండు రాత్రులు ఉంచితే అడుగున గాజుపొడిలాంటి స్ఫటికాలు దిగుతాయి. అది టార్టార్, ద్రాక్షలో సహజంగా ఉండేదే, హాని లేదు. కానీ తర్వాత సీసాలో దిగితే చూసినవాళ్ళు గాజు ముక్కలనుకుంటారు. పై తేట మాత్రమే తీసుకుని నింపు.

ఎడిసన్_నర్సంపేట
ఫిబ్రవరి 18, ఉదయం 5:50

మేడమ్‌గారు చెప్పింది ఒప్పుకుంటున్నాను. నా పుల్లను 85 డిగ్రీల రసంలో పెడితే చెరుకు పిప్పిలా వంకరపోయేది, ఆ మాట ముందే చెప్పాల్సింది. చల్లగా నింపుతానంటే మాత్రం పుల్ల సూత్రం మళ్ళీ పనికొస్తుంది.

ఒక చిన్న సంగతి. పులియని ద్రాక్షరసాన్ని సీసాల్లో వేడి చేసి నిలవ చేయడం మొదలైంది చర్చి బల్ల కోసమే. మా న్యూజెర్సీలోనే వైన్‌ల్యాండ్ అనే ఊళ్ళో థామస్ వెల్చ్ అనే పళ్ళ డాక్టర్ 1869లో చేశాడు. వేడి చేస్తే సూక్ష్మజీవులు చస్తాయన్న ఫ్రెంచ్ శాస్త్రవేత్త పాశ్చర్ పరిశోధన విని, రసం సీసాల్లో పోసి మరిగే నీళ్ళలో పెట్టాడు. వెల్చ్ గ్రేప్ జ్యూస్ కంపెనీ అక్కడి నుంచి వచ్చిందే. ఆ ఊరు మా ఇంటికి గంటన్నర దూరం, ఇంతవరకు పోలేదు.

సునీలగారు చేయబోయేది ఆయన పద్ధతే అన్నమాట.

జగిత్యాల_గానుగ
ఫిబ్రవరి 18, ఉదయం 7:30

పళ్ళ డాక్టర్ అంటే పండ్ల డాక్టర్ అనుకుని రెండుసార్లు చదివాను 😂

గృహలక్ష్మి_కరీంనగర్
ఫిబ్రవరి 18, ఉదయం 10:12

నాదొక మాట. ఇంత వేడి, థర్మామీటర్లు దేనికి? కొంచెం కేఎంఎస్ (పొటాషియం మెటాబైసల్ఫైట్, నిలవ ఉంచే పొడి) కలిపితే సరిపోదా? మామిడి స్క్వాష్‌లో మేం అదే వేస్తాం, ఏడాది ఉంటుంది.

మైక్రోబయాలజీ_మేడమ్
ఫిబ్రవరి 18, ఉదయం 10:40

మామిడికి, నిమ్మకు సరే. నల్ల ద్రాక్షకు, నేరేడుకు వద్దు. కేఎంఎస్ నుంచి వచ్చే సల్ఫర్ డయాక్సైడ్ ఆ ఎరుపు, ఊదా రంగుల్ని వెలవెలబోయేలా చేస్తుంది. రంగు రసాలకు సోడియం బెంజోయేట్ వాడతారు. వేడి పద్ధతి సరిగ్గా చేసుకుంటే అదీ అక్కర్లేదు. పైగా చర్చిలో పిల్లలూ తాగుతారు.

గృహలక్ష్మి_కరీంనగర్
ఫిబ్రవరి 18, ఉదయం 10:51

ఓహ్. పోయినేడు నేరేడు రసం పాలిపోయింది ఎందుకో ఇప్పుడు అర్థమైంది. పండు మంచిది కాదని పండ్లాయనను తిట్టాను 🙈

స్క్రూడ్రైవర్_మడికొండ
ఫిబ్రవరి 18, రాత్రి 10:05

సునీలక్కా, చల్లగా నింపుతానంటే ఇలా చేయండి. ఖర్చు ఏడెనిమిది వందలు.

డ్రమ్మును టేబుల్ మీద ఎత్తులో పెట్టండి. స్టీల్ వాల్వ్‌కు ఫుడ్ గ్రేడ్ సిలికాన్ పైపు ఒకటిన్నర మీటరు తగిలించండి. మామూలు పారదర్శక ప్లాస్టిక్ పైపు వద్దు, దాని వాసన రసానికి పడుతుంది. పైపు చివర ఒక స్టీల్ గొట్టం, బయటి కొలత 12 ఎంఎం, పొడవు జానెడు. స్టీల్ ఫ్యాబ్రికేషన్ షాపులో తుక్కులో దొరుకుతుంది, అంచులు అరగదీయించండి, చెయ్యి తెగుతుంది. పైపు మధ్యలో నొక్కు క్లిప్పు. ఆస్పత్రిలో సెలైన్ ఆపడానికి ఉంటుందే, అలాంటిది, కానీ కాస్త పెద్దది.

గొట్టం సీసా అడుగుకు ఆనించి క్లిప్పు వదలండి. రసం సీసా అంచు దాకా రాగానే క్లిప్పు నొక్కి, అలాగే పట్టుకుని గొట్టం బయటకు తీయండి. గొట్టంలోని రసం గొట్టంలోనే ఉంటుంది, అది ఆక్రమించిన చోటంతా ఖాళీ అవుతుంది. లెక్క వేశాను. 12 ఎంఎం గొట్టం పదమూడు సెంటీమీటర్లు మునిగితే 14 ఎంఎల్ పైచిలుకు ఖాళీ వస్తుంది. ఎడిసన్ అన్న పుల్ల లాంటిదే, మన మడికొండ మోడల్.

డ్రమ్ము నల్లా అడుగుకు రెండు వేళ్ళ ఎత్తులో ఉంటుంది కదా, అది ఇక్కడ కలిసొచ్చింది. మడ్డి కిందే ఉండిపోతుంది. డ్రమ్మును వంచకండి. చివరి లీటర్ ఇంట్లో తాగేయండి.

మైక్రోబయాలజీ_మేడమ్
ఫిబ్రవరి 18, రాత్రి 10:30

ఆ 14 ఎంఎల్ ఖాళీ తప్పకుండా కావాలి. గది వేడి నుంచి 80 డిగ్రీలకు పోయేసరికి 200 ఎంఎల్ రసం ఐదారు ఎంఎల్ పెరుగుతుంది. అంచు దాకా నింపి మూత బిగిస్తే సీసా పగులుతుంది లేదా మూత లేస్తుంది. మరీ ఎక్కువ ఖాళీ ఉంటే గాలి మిగిలి రసం రంగు మారుతుంది. నువ్వు పరికరంలో చూసుకోవాల్సింది ఈ ఖాళీ ప్రతి సీసాలో ఒకేలా వస్తుందా లేదా అన్నదే. వేగం పక్కన పెట్టు.

సీసాలు ఎలాంటివి? మూత ఏ రకం?

సునీల_హన్మకొండ
ఫిబ్రవరి 19, మధ్యాహ్నం 2:15

పాలు, జ్యూస్ అమ్మే వెడల్పు మూతి గాజు సీసాలు మేడమ్, పావు తిప్పితే బిగిసే రేకు మూతలు. నిరుటి మూతలే ఉన్నాయి, బాగానే కనబడుతున్నాయి.

మైక్రోబయాలజీ_మేడమ్
ఫిబ్రవరి 19, మధ్యాహ్నం 2:31

సీసాలు మళ్ళీ వాడొచ్చు, మూతలు వద్దు. లోపల అంచు చుట్టూ ఉండే మెత్తటి పూత ఒకసారి వేడికి అణిగిపోతుంది, రెండోసారి గాలి చొరబడుతుంది. నూట యాభై కొత్త మూతలు కొను. ఈ రకం మూత మంచిది. వేడి అవుతున్నప్పుడు లోపలి గాలిని బయటకు వదులుతుంది, చల్లారాక మూత మధ్య భాగం లోపలికి గుంటపడుతుంది. గుంట పడిందంటే సీల్ అయినట్టు. వేలితో నొక్కితే టిక్కుమని ఆడితే ఆ సీసా ఫ్రిజ్‌లో పెట్టి ముందు వాడేయాలి.

ఎనుమాముల_శ్రీను
ఫిబ్రవరి 19, సాయంత్రం 6:20

అక్కా, పది వేల బడ్జెట్ ఏడు వందలకు దిగింది. మిగిలిన తొమ్మిది వేలతో ఇక్కడున్నవాళ్ళందరికీ బిర్యానీ.

సునీల_హన్మకొండ
మార్చి 31, రాత్రి 9:10

ఆలస్యమైంది, క్షమించండి. పరీక్షలు, తర్వాత ఉగాది. శనివారం పని పూర్తయింది. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను, తర్వాత ఎవరైనా చేయాలనుకుంటే పనికొస్తుంది.

నల్లా విప్పి చూశాను. స్క్రూడ్రైవర్ తమ్ముడు చెప్పినట్టే లోపలంతా పసుపు, ఇత్తడి. ఇన్నేళ్ళు స్టీల్ అనుకున్నాను. కొత్త స్టీల్ వాల్వ్ 430, సిలికాన్ పైపు 210, గొట్టం ముక్క షాపాయన ఊరికే ఇచ్చాడు, అరగదీసినందుకు 40 తీసుకున్నాడు. క్లిప్పు మా తమ్ముడి ల్యాబ్ నుంచి. మూతలు విడిగా కొన్నాను.

ద్రాక్ష 52 కిలోలు. కడిగి, కాడలు తీసి, చేత్తో చిదిమి, పెద్ద గంజులో 65 డిగ్రీల దాకా వేడి చేసి పలచటి గుడ్డలో వడగట్టాం. పిండలేదు. వేలాడదీసి రాత్రంతా వదిలేశాం. 31 లీటర్ల పైన వచ్చింది. ఫ్రిజ్‌లో పట్టక పక్కింటి వాళ్ళ ఫ్రిజ్ కూడా వాడుకున్నాం. మూడో రోజుకు గిన్నెల అడుగున నిజంగానే గాజుపొడి! మా అత్తమ్మ భయపడి పారబోయబోయింది.

నింపడం గురించి. మొదటి పది సీసాలు నేలపాలు. క్లిప్పు నొక్కేలోపు అంచు దాటి పొంగింది. డ్రమ్ము ఎత్తు ఎక్కువైంది, ధార జోరుగా ఉంది. డ్రమ్మును టేబుల్ మీద నుంచి దించి స్టూలు మీద పెట్టి, వాల్వ్ సగమే తిప్పాక కుదిరింది. చెయ్యి అలవాటయ్యాక సీసాకు పదిహేను సెకన్లు. ప్రతి సీసా కింద పళ్ళెం పెట్టాం, అయినా గంటలో చీమలు బారు కట్టాయి. స్టూలు కాళ్ళు నీళ్ళ గిన్నెల్లో పెట్టాల్సి వచ్చింది. మిషన్ గురించి అంత ఆలోచించాను, చీమల గురించి ఆలోచించలేదు.

152 సీసాలు. నింపడానికి గంట కూడా పట్టలేదు. సీసాలు కడగడానికి రెండున్నర గంటలు, వేడి చేయడానికి ఆరు గంటలు! గంజులో ఒకసారికి 25 సీసాలే పట్టాయి. అడుగున పాత చీర మడత పరిచి, మెడ దాకా నీళ్ళు పోసి, ఒక సీసాలో మూత లేకుండా రసం పోసి థర్మామీటర్ అందులో పెట్టాం. 80 వచ్చాక అరగంట. మూడో విడతలో చీర జారి రెండు సీసాలు అడుగుకు తగిలి చిట్లాయి, ఆ నీళ్ళన్నీ పారబోసి మళ్ళీ మొదలు. తీశాక సిమెంటు గచ్చు మీద పెట్టబోయాను, మా ఆయన ఆపి గోనె సంచి పరిచాడు.

పొద్దున లేచి చూస్తే మూతలన్నీ గుంటలు పడ్డాయి. నాలుగు మాత్రం టిక్కుమన్నాయి. థర్మామీటర్ సీసాది ఇంట్లో పిల్లలు తాగేశారు. లెక్కకు 145 చేతికొచ్చాయి.

ఎడిసన్_నర్సంపేట
ఏప్రిల్ 1, ఉదయం 6:15

ఖాళీ ఒకేలా వచ్చిందా?

సునీల_హన్మకొండ
ఏప్రిల్ 1, ఉదయం 7:02

వరుసగా నిలబెడితే గీత గీసినట్టు ఉన్నాయి. రెండు మూడింట్లో క్లిప్పు ముందే వదిలేసినట్టున్నా, అవి కొంచెం ఎక్కువ నిండాయి. ఫోటో పెట్టాను చూడండి.

జగిత్యాల_గానుగ
ఏప్రిల్ 1, ఉదయం 7:40

మా మెషిన్ సీసాలు కూడా ఇంత వరుసగా రావు. నేను కూడా అర లీటర్ నువ్వుల నూనెకు ఈ గొట్టం పెట్టి చూస్తా. కాకపోతే నూనె కాటా మీద సరిపోవాలి, తూనికలు కొలతల వాళ్ళు వస్తే మట్టం చూడరు.

మైక్రోబయాలజీ_మేడమ్
ఏప్రిల్ 1, ఉదయం 9:15

నాలుగు సీసాలు బీరువాలో కాకుండా నీ వంటింటి గట్టు మీద, వేడి తగిలే చోట పెట్టు. మూడు వారాలు చూడు. మూత ఉబ్బితే ఆ విడతలో ఎక్కడో తప్పు జరిగినట్టు. ఏ సీసా ఏ విడతదో రాసుకున్నావా?

సునీల_హన్మకొండ
ఏప్రిల్ 1, ఉదయం 9:33

రాయలేదు మేడమ్ 😔 మూడో విడతవి మాత్రం తెలుసు, చీర రంగు అంటుకుంది.

సునీల_హన్మకొండ
ఏప్రిల్ 21, రాత్రి 8:20

గట్టు మీది నాలుగు సీసాలు ఇంకా గుంటగానే ఉన్నాయి. నిన్న ఈస్టర్‌కు తొమ్మిది సీసాలు తీశాం. అయ్యగారు మొదటి సీసా మొహానికి దూరంగా పట్టుకుని, కళ్ళు చిట్లించి తిప్పారు. లోపలికి గాలి పోతున్న చిన్న చప్పుడు, అంతే. ముసలాయన ఈసారీ ముందు వరుసలోనే ఉన్నాడు. తాగి, కాస్త ఆగి, "పోయినసారిదే రుచిగా ఉండెనమ్మా" అన్నాడు.

గృహలక్ష్మి_కరీంనగర్
ఏప్రిల్ 21, రాత్రి 8:41

😂😂 సునీలా, జూన్‌లో నేరేడు పండ్లు రాగానే మీ డ్రమ్ము, గొట్టం నాకు వారం రోజులు ఇస్తారా? ఇత్తడి నల్లా మీరే ఉంచుకోండి.